ఆర్కిటెక్చర్ ట్రైనింగ్‌లో స్టైపెండ్ ఇవ్వకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రైనింగ్ సెమిస్టర్ దగ్గరపడగానే ప్రతి ఏడూ అవే సందేహాలు. పిల్లలు అర్ధరాత్రి మెసేజ్ పెడతారు, తల్లిదండ్రులు ఆదివారం పొద్దున ఫోన్ చేస్తారు. నేను హైదరాబాద్‌లో చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతాను, విద్యార్థుల డిజైన్లు చూసే కాలేజీ జ్యూరీలకు వెళ్తుంటాను. అందుకని రెండు వైపుల గోడూ నా చెవిన పడుతుంది. ఎక్కువమంది అడిగేవి ఇక్కడ పెట్టాను. నా అభిప్రాయం దాచుకోను: క్లయింటు దగ్గర ఫీజు తీసుకుని చేసే పనిలో ట్రైనీ చెయ్యి పడితే, ఆ ఫీజులోంచి ట్రైనీకి ఎంతో కొంత రావాలి.

## వెతకడం మొదలుపెట్టే ముందు

ట్రైనింగ్ కచ్చితంగా చేయాల్సిందేనా?

చేయాల్సిందే. బీ.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అంటే ఐదేళ్లు, పది సెమిస్టర్లు. అందులో ఒక సెమిస్టర్ ప్రాక్టికల్ ట్రైనింగ్‌కే పోతుంది. ఏ సెమిస్టర్‌లో, ఎన్ని వారాలు, లాగ్‌బుక్ (చేసిన పని రాసే పుస్తకం) ఎలా రాయాలి అనేవి మీ యూనివర్సిటీని బట్టి మారతాయి. సీనియర్లు చెప్పారని ఊరుకోకుండా సిలబస్ కాపీ తెచ్చుకుని చదవండి. రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ (కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లు) దగ్గర చేస్తేనే లెక్కలోకి వస్తుంది. తెలిసిన బిల్డర్ దగ్గరో మేనమామ ఇంటీరియర్ షాపులోనో చేసి సంతకం తెచ్చుకుంటే తర్వాత వైవాలో దొరికిపోతారు.

స్టైపెండ్ ఇవ్వాలని రూల్ ఏదైనా ఉందా సార్?

ఇంత ఇవ్వాలి అని అంకె వేసి చెప్పే రూల్ మనకు లేదు. అసలు తలనొప్పి అక్కడే ఉంది. సీఏ ఆర్టికల్‌షిప్ చేసే పిల్లలకు కనీస స్టైపెండ్ ఎంతో వాళ్ల ఇన్‌స్టిట్యూట్ నియమాల్లోనే ఉంటుంది. హౌస్‌సర్జన్లకు ప్రభుత్వం స్టైపెండ్ నిర్ణయిస్తుంది, ఆలస్యమైతే వాళ్లు రోడ్డెక్కుతారు. మన దగ్గర ట్రైనింగ్‌ను చదువులో భాగంగానే చూస్తారు కాబట్టి డబ్బు సంగతి ఆఫీసు ఇష్టానికి వదిలేసినట్టయింది.

అలాగని చెప్పుకోడానికి అసలు ఏమీ లేదనుకోవద్దు. ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తనపై 1989లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. తన దగ్గర పనిచేసేవాళ్లకు ఆర్కిటెక్ట్ తగిన పని వాతావరణం కల్పించాలి, న్యాయంగా ప్రతిఫలం ఇవ్వాలి, వాళ్ల వృత్తిపరమైన ఎదుగుదలకు తోడ్పడాలి అని వాటిలో ఉంది. ట్రైనీ అంటే ఉద్యోగి కాదు కదా అని కొందరు తప్పించుకుంటారు. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి, వర్కింగ్ డ్రాయింగ్స్ గీసి, సైట్‌కి వెళ్లి కొలతలు తెచ్చే మనిషిని ఏమని పిలిస్తే ఏం, చేసేది పనే కదా.

ఫ్రీగా చేస్తామంటేనే పెద్ద ఆఫీసుల్లో తీసుకుంటారట, నిజమేనా?

కొన్ని చోట్ల నిజమే. కానీ పెద్ద పేరున్న ఆఫీసులన్నీ ఫ్రీగా చేయించుకుంటాయనీ, చిన్నవన్నీ డబ్బులిస్తాయనీ లేదు. నలుగురున్న ఆఫీసు నెల తిరగ్గానే అకౌంట్లో వేసిన సందర్భాలూ చూశాను, పత్రికల్లో ఫోటోలు పడే ఆఫీసు బస్ ఛార్జీలు కూడా ఇవ్వకపోవడమూ చూశాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. జీతం లేని ట్రైనింగ్ అందరికీ ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో సొంతిల్లున్న పిల్లవాడు అమ్మ కట్టిచ్చిన బాక్స్ పట్టుకుని మెట్రో ఎక్కి వెళ్లొస్తాడు. ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పిల్లకు మొదటి రోజే పీజీ హాస్టల్ అడ్వాన్స్ కట్టాలి. ‘టాలెంట్ చూసి తీసుకుంటాం’ అనే ఆఫీసు స్టైపెండ్ ఇవ్వకపోతే, టాలెంట్ కంటే ముందు ఇంట్లో డబ్బుందా లేదా అన్నదే చూసినట్టు.

నాలుగు నెలలకు ఇంట్లో ఎంత అడగాలి?

కాగితం మీద వేసుకోండి. పీజీ నెలకు 9 వేలు, బస్సు, మెట్రో, ఆటో కలిపి 2 వేలు, బయటి తిండి, ఫోన్, చిల్లర ఖర్చులు 2 వేలు అనుకుందాం. నెలకు 13 వేలు, నాలుగు నెలలకు 52 వేలు. పీజీ అడ్వాన్స్ వేరు. బెంగళూరో అహ్మదాబాదో అయితే రానూపోనూ రైలు ఖర్చు కలపండి. ఆ సెమిస్టర్‌కి కాలేజీ ఫీజు ఎలాగూ కట్టాలి, అది మర్చిపోవద్దు. ఈ లెక్క చేతిలో ఉంటే ఆఫీసు ఇస్తానన్న 6 వేలు సరిపోతాయో లేదో తేలిపోతుంది.

## అప్లై చేసేటప్పుడు

స్టైపెండ్ సంగతి ఎప్పుడు అడగాలి? అడిగితే తీసుకోరేమోనని టెన్షన్.

పోర్ట్‌ఫోలియో (మీ డిజైన్లన్నీ కలిపి పెట్టిన పుస్తకం) నచ్చి, ఎప్పటి నుంచి వస్తారని వాళ్లు అడిగినప్పుడు. మొదటి మెయిల్లోనే అడగడం తొందరపాటు, చేరిన రెండో వారంలో అడగడం మరీ ఆలస్యం. మాట కూడా సాదాగా ఉండనివ్వండి: ‘సార్, నేను వేరే ఊరి నుంచి వచ్చి పీజీలో ఉండాలి. స్టైపెండ్ ఎంత ఉంటుందో చెబితే ఇంట్లో మాట్లాడుకుంటాను.’ ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

‘పని చూసి డిసైడ్ చేద్దాం’ అంటే మాత్రం ఆగండి. ఎన్నాళ్లకు చూస్తారో అడిగి, ఆ జవాబును మీరే మెయిల్‌లో రాసి పంపండి: ‘మీరు చెప్పినట్టు మొదటి నెల తర్వాత స్టైపెండ్ నిర్ణయిస్తామన్నారు, థాంక్యూ సార్.’ వాళ్లు జవాబివ్వకపోయినా ఆ మెయిల్ ఉంటుంది. ఇంత అడిగినందుకే వద్దన్నారంటే ఆ ఆఫీసులో నాలుగు నెలలు ఎలా ఉండేదో మీకు ముందే తెలిసిపోయింది.

టెస్ట్ అని ఒక ఇంటి ప్లాన్ గీయమన్నారు. గీయాలా?

రెండు గంటల్లో అయ్యే పని, అందరికీ ఒకటే ప్రశ్న అయితే గీయండి. ప్లాట్ కొలతలు, రోడ్డు ఏ వైపు, క్లయింటుకు వాస్తు పట్టింపు ఎంత, పూజగది ఎక్కడ, కారు ఎన్ని అని వివరాలన్నీ ఇచ్చి వారంలోగా త్రీడీతో సహా పంపమంటే అది టెస్ట్ కాదు. ఎవరిదో నిజమైన స్థలం అది. ‘నా కాలేజీ ప్రాజెక్టులు పంపుతాను, అవసరమైతే ఆఫీసుకొచ్చి మీ ముందే స్కెచ్ వేసి చూపిస్తాను’ అని చెప్పండి.

ట్రైనింగ్ ఇస్తాం, మీరే నెలకింత కట్టండి అంటున్నారు.

కట్టకండి. సాఫ్ట్‌వేర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కి కట్టడం వేరు, పని చేయించుకునే ఆఫీసుకి కట్టడం వేరు. డిపాజిట్ అన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టమన్నా అక్కడితో నమస్కారం పెట్టేయండి.

ఆఫీసు అసలుదేనా అని ఎలా చూసుకోవాలి?

ఆర్కిటెక్ట్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సీఏ అనే అక్షరాలు, తర్వాత సంవత్సరం, తర్వాత నంబరు ఉంటాయి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లో ఆ పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. ఆ తర్వాత అక్కడ కిందటేడు చేసిన సీనియర్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: ఇస్తామన్నది ఇచ్చారా, సైట్‌కి తీసుకెళ్లారా, చివర్లో లెటర్ సులువుగా ఇచ్చారా. అక్కా, అన్నా అని అడిగితే వెబ్‌సైట్లో లేనివన్నీ చెబుతారు.

మట్టి కట్టడాల దగ్గర వాలంటీర్‌గా చేస్తే? అక్కడా స్టైపెండ్ అడగాలా?

అది కాస్త వేరే లెక్క. ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట మట్టి దిమ్మెలు చేయడం, వాటితో ఆర్చ్‌లు, వాల్ట్‌లు (కమాను కప్పులు) కట్టడం చేత్తో నేర్చుకోవచ్చు. మామూలు ఆఫీసులో నాలుగేళ్లున్నా అది రాదు. ఏదైనా లాభాపేక్ష లేని సంస్థ బస, భోజనం చూసుకుని పని నేర్పుతుంటే నేనైతే వెళ్లమంటాను. కాకపోతే బస, భోజనం ఎవరి ఖర్చో ముందే తేల్చుకోవాలి. అది మీ కాలేజీ ట్రైనింగ్‌గా లెక్కలోకి వస్తుందో లేదో కూడా. ‘సస్టైనబుల్’ అని బోర్డు పెట్టి ఫామ్‌హౌస్‌లు కట్టే ఆఫీసుకి మాత్రం ఈ మినహాయింపు ఇవ్వక్కర్లేదు.

## ఆఫీసులో చేరాక

లాప్‌టాప్ నాదే, సాఫ్ట్‌వేర్ కూడా నా స్టూడెంట్ వెర్షనే వాడమంటున్నారు.

లాప్‌టాప్ తెచ్చుకోమనడం మామూలైపోయింది. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే లైసెన్స్ చదువుకోడానికే, డబ్బు వచ్చే పనికి వాడకూడదు. పాత స్టూడెంట్ వెర్షన్లలో గీసిన ఫైలు ప్రింట్ తీస్తే షీట్ నాలుగంచులా ‘స్టూడెంట్ వెర్షన్’ అని అచ్చు పడేది. క్లయింటు ముందు ఏ1 షీట్ పరిచాక అది కనబడి ఆఫీసులు నాలుక కరుచుకునేవి. ఇప్పుడు ఆ స్టాంపు పోయింది గానీ షరతు పోలేదు. లైసెన్స్ మీ పేరు మీద, మీ కాలేజీ మెయిల్ మీద ఉంది కాబట్టి ఆఫీసు సిస్టమ్ అడగండి.

రోజూ రాత్రి పది దాటుతోంది. ఇదంతే అంటున్నారు.

సబ్మిషన్ ముందు రెండు మూడు రోజులు ఆలస్యమవడం ఈ వృత్తిలో ఉన్నదే. ప్రతి రోజూ పది దాటుతోందంటే, ఇద్దరు చేయాల్సిన పనికి ఒక మనిషినే పెట్టారన్నమాట. ఆ రెండో మనిషి జీతం మీ నిద్రలోంచి పోతోంది. కాలేజీలో స్టూడియో రాత్రుళ్లు అలవాటైపోయి మనకు ఇది తప్పుగా కూడా తోచదు.

సమయాలు లాగ్‌బుక్‌లో రాసుకోండి. ఇంటికి వెళ్లే ఏర్పాటు గురించి మొహమాటం లేకుండా అడగండి. తొమ్మిది దాటితే క్యాబ్ ఆఫీసుదే అనే మాట మొదటి వారంలోనే ఖాయం చేసుకుంటే మంచిది.

చేరినప్పటి నుంచి డోర్-విండో షెడ్యూల్ (తలుపులు, కిటికీల కొలతల పట్టిక) తప్ప ఏమీ ఇవ్వట్లేదు.

షెడ్యూల్‌ని తక్కువగా చూడకండి. ఒక అపార్ట్‌మెంట్‌లో తలుపులకు డీ1, డీ2, వెంటిలేటర్‌కి వీ1 అని రాసుకుంటూ పోతేనే లింటెల్ (తలుపు, కిటికీ పైన వేసే దూలం) ఎత్తు, సిల్ (కిటికీ కింది అంచు) ఎత్తు, బాత్రూమ్ వెంటిలేటర్ సైజు చేతికి అలవాటవుతాయి. టాయిలెట్ డిటైల్ గీస్తూ నీళ్లు పోయే నహాని ట్రాప్ ఎక్కడ పెట్టాలో, ఫ్లోర్ స్లోప్ ఎటు పోవాలో ఆలోచించిన వాళ్లకు, కాన్సెప్ట్ స్కెచ్‌లే వేసిన వాళ్లకంటే త్వరగా ఉద్యోగం దొరకడం చూశాను.

కానీ నెల దాటినా అదే పనైతే అడగాలి. ‘ఇదే ప్రాజెక్టులో మున్సిపల్ శాంక్షన్ డ్రాయింగ్ నేను ట్రై చేస్తాను సార్, తప్పులుంటే చెప్పండి’ అని ఫలానా పని పేరు పెట్టి అడగండి. సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్, అనుమతి కోసం ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే ఫైలు ఇవన్నీ అందులో తెలుస్తాయి. ‘ఏదైనా మంచి పని ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు.

సైట్‌కి నా బండి మీదే పంపిస్తున్నారు, పెట్రోలూ నాదే.

పెట్రోలు ఆఫీసుదే. వారం వారం కిలోమీటర్లు రాసి అకౌంట్స్ వాళ్లకు ఇవ్వండి. స్టైపెండ్ లేదన్న ఆఫీసులు కూడా ఇది సాధారణంగా కాదనవు. అలాగే హెల్మెట్, బూట్లు లేకుండా స్లాబ్ మీదికి ఎక్కమంటే ఎక్కకండి. పడితే ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు ఇన్సూరెన్స్ లేని ట్రైనీ దగ్గర జవాబు ఉండదు.

ఆఫీసులో ఒకాయన ప్రవర్తన ఇబ్బందిగా ఉంది. జీతం లేని ట్రైనీని, నా ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు?

తీసుకోవాలి. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునే వాళ్లకే కాదు, ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు, జీతం లేకుండా పనిచేసే వాళ్లకు కూడా వర్తిస్తుందని స్పష్టంగా చెబుతుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఆర్కిటెక్ట్ ఆఫీసులు చాలావరకు అంతకంటే చిన్నవి. అలాంటప్పుడు, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. మామూలు గడువు మూడు నెలలు. మెసేజ్‌లు డిలీట్ చేయకండి. కాలేజీకి కూడా చెప్పండి, ట్రైనింగ్ పోతుందన్న భయంతో ఊరుకోవద్దు. మధ్యలో ఆఫీసు మార్చుకోవచ్చు.

మధ్యలో మానేసి వేరే ఆఫీసుకి మారవచ్చా?

చాలా కాలేజీలు ముందుగా చెబితే ఒప్పుకుంటాయి, చెప్పకుండా మారితే ఒప్పుకోవు. ట్రైనింగ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి, చేసినంత కాలానికి లెటర్ తీసుకుని కదలండి. చేతిలో ఉన్న డ్రాయింగ్ పూర్తి చేసి అప్పగించి వెళ్లడం మర్యాద. ఈ ఊళ్లో ఆర్కిటెక్టులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

## ట్రైనింగ్ అయ్యాక

సర్టిఫికెట్ ఇవ్వకుండా ఇంకో నెల చేయమంటున్నారు.

చేరిన తేదీ, ముగిసే తేదీ ఉన్న జాయినింగ్ లెటర్ ఉంటే ఈ గొడవ రాదు. లేకపోతే కాలేజీ లెటర్‌హెడ్ మీద కోఆర్డినేటర్ చేత ఒక మెయిల్ పెట్టించండి. నూటికి తొంభై పాళ్లు ఆ మెయిల్‌కే లెటర్ వచ్చేస్తుంది. అందుకే లాగ్‌బుక్ మీద సంతకం వారం వారం చేయించుకోమని చెబుతాను, చివర్లో అంతా ఒకేసారి అంటే వాళ్ల చేతికి చిక్కినట్టే.

నేను గీసిన డ్రాయింగ్స్ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

అడిగి పెట్టుకోవాలి. ఉద్యోగంలోనో అప్రెంటిస్‌షిప్‌లోనో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిది అవుతుందని 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. ఆఖరి వారంలో ఏ షీట్లు కావాలో జాబితా రాసి మెయిల్‌లో అనుమతి తీసుకోండి. ఆఫీసు పేరు, మీరు చేసిన భాగం ఏదో స్పష్టంగా రాయండి. ‘లగ్జరీ విల్లా, నార్సింగి’ అని మాత్రమే రాస్తే విల్లా మొత్తం మీరే చేశారనుకుంటారు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. క్లయింటు పేరు, ఇంటి నంబరు తీసేయండి.

ఇచ్చిన స్టైపెండ్‌లో 10 శాతం కోశారు, ఎందుకు?

ప్రొఫెషనల్ ఫీజు కింద చూపించి టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టి ఉంటారు. నిజంగా కట్టారో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్లో మీ పాన్ మీద జమైన పన్ను వివరాల్లో కనబడుతుంది. మీ మొత్తం ఆదాయం పన్ను పరిమితిలోపే ఉంటుంది కాబట్టి రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అక్కడ లేదంటే కోత కోశారు గానీ కట్టలేదన్నమాట. అప్పుడు గట్టిగా అడగండి.

డిగ్రీ చేతికొచ్చింది. ఆరు నెలలు ఫ్రీగా చెయ్యి, తర్వాత చూద్దాం అంటున్నారు.

వద్దు. చదువులో భాగమన్న సాకు డిగ్రీతో అయిపోయింది. పైగా మన దేశంలో బీ.ఆర్క్ పాసయ్యాక కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, ఇన్నేళ్ల అనుభవం చూపించమని అడగరు. కాబట్టి లైసెన్స్ కోసమైనా ఓర్చుకుందామనే కారణం కూడా ఇక్కడ లేదు. ఆ ఆరు నెలల్లో మీరు గీసిన ప్రతి షీట్‌కీ ఆఫీసుకు బిల్లు వస్తుంది. జీతం తక్కువైనా సరే, అంకె ఒకటి కాగితం మీద ఉన్న చోట చేరండి.

## విదేశాలకు వెళ్లేవాళ్లకు

అమెరికాలో ఎం.ఆర్క్ అయింది, ఉద్యోగం లేదు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద ఫ్రీగా చేయనా? రోజులు అయిపోతున్నాయి.

మొదటి 12 నెలల ఓపీటీలో నిరుద్యోగ రోజులు 90 దాటకూడదు. అందుకని చాలామంది వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసి రోజులు ఆపుకుంటారు. అక్కడి కార్మిక చట్టాన్ని ఉల్లంఘించనంత వరకు అది కుదురుతుంది. లాభాల కోసం నడిచే ఆఫీసులో, ఉద్యోగి చేసే పనే ఫ్రీగా చేస్తే ఉల్లంఘన అయ్యే అవకాశం ఎక్కువ. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల వాళ్లకు ఇచ్చే) పొడిగింపు 24 నెలల్లో అయితే జీతం లేని పని అసలు చెల్లదు.

ఇంకోటి. అక్కడ లైసెన్స్ కావాలంటే అక్కడి ఆర్కిటెక్టుల లైసెన్స్ బోర్డుల మండలి ఎన్‌కార్బ్ నడిపే ఏఎక్స్‌పీ అనే అనుభవ కార్యక్రమం కింద 3,740 గంటలు చూపించాలి. కొన్ని కమ్యూనిటీ డిజైన్ సెంటర్ల మినహాయింపు తప్ప, ఆఫీసులో జీతం లేకుండా చేసిన ఇంటర్న్‌షిప్ గంటలు ఆ లెక్కలోకి రావు. చేరే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని (డీఎస్‌ఓ) అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో చెప్పినదాన్ని నమ్మి వీసా పణంగా పెట్టకండి.

జపాన్‌లో చాలా పేరున్న ఆర్కిటెక్ట్ దగ్గర జీతం లేని ఇంటర్న్‌షిప్ వచ్చింది. జీవితంలో ఒక్కసారే కదా?

జపాన్‌లో దీన్ని ఓపెన్ డెస్క్ అంటారు, చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2019లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ కోసం పెవిలియన్ (తాత్కాలిక మండపం) జపాన్ ఆర్కిటెక్ట్ జున్యా ఇషిగామి చేస్తున్నప్పుడు ఆయన ఆఫీసు ఇంటర్న్‌షిప్ షరతులు బయటికొచ్చాయి: జీతం లేదు, వారానికి ఆరు రోజులు, పొద్దున పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా, కంప్యూటరూ సాఫ్ట్‌వేరూ మీవే. గొడవ పెద్దదయ్యాక, పెవిలియన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ డబ్బులివ్వాలని సర్పెంటైన్ గ్యాలరీ ఆయనకు చెప్పింది. అదే ఏడాది చిలీలో పేరున్న ఆర్కిటెక్ట్ అరావేనా ఆఫీసు ఎలిమెంటల్ కూడా విమర్శలు వచ్చాక ఇంటర్న్‌షిప్ కార్యక్రమాన్నే ఆపేసింది. బ్రిటన్‌లో అయితే అక్కడి ఆర్కిటెక్టుల సంస్థ రీబా, తన గుర్తింపు ఉన్న (చార్టర్డ్) ఆఫీసులు విద్యార్థులకు కనీస వేతనం ఇవ్వాలని 2011లోనే షరతు పెట్టింది.

వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. టోక్యోలో మూడు నెలలు గడపడానికి అప్పు చేయాల్సి వస్తే మాత్రం నేను వద్దంటాను. అదే డబ్బుతో ఆ ఆర్కిటెక్ట్ కట్టిన భవనాలన్నీ తిరిగి చూసి, కొలిచి, గీసుకుని రావచ్చు.

## ఆఫీసు నడిపేవాళ్లు, తల్లిదండ్రులు అడిగేవి

మాది చిన్న ఆఫీసు. క్లయింట్లే ఫీజు ఎగ్గొడుతున్నారు, ట్రైనీకి ఎక్కడి నుంచి ఇస్తాం?

ఈ బాధ నాకూ తెలుసు. కౌన్సిల్ ఫీజుల పట్టిక ఉంది, దాని మొహం చూసే క్లయింటు అరుదు. పక్క వీధిలో చదరపు అడుగుకింత అని ప్లాన్ గీసిచ్చేవాళ్లతో మనల్ని పోలుస్తారు. ఆఖరి వాయిదా గృహప్రవేశం అయ్యాక అంటారు, అయ్యాక ఫోన్ ఎత్తరు.

అయినా లెక్క వేసి చూడండి. నెలకు 10 వేల చొప్పున నాలుగు నెలలకు 40 వేలు. ఆ నాలుగు నెలల్లో ఆఫీసులో నడిచిన ప్రాజెక్టులన్నిటి మీద పంచితే ఒక్కోదాని మీద ఎంత పడుతుంది? ఆ మాత్రం కూడా భరించలేని ఫీజుకు పని ఒప్పుకుంటే, తప్పు కోట్ చేసిన దగ్గరే ఉంది. అలాంటి కోట్ ఇవ్వగలుగుతున్నామంటే కారణం ఫ్రీ ట్రైనీ దొరుకుతాడన్న ధీమానే. ఆ తక్కువ ఫీజు చూసి పక్క ఆఫీసూ తగ్గిస్తుంది. నలుగురు ట్రైనీలకు సున్నా ఇచ్చే బదులు ఒక్కరిని తీసుకుని ఇవ్వండి. అదీ కుదరని ఏడాది అసలు తీసుకోకండి.

మా అమ్మాయికి స్టైపెండ్ అక్కర్లేదు సార్, పని నేర్పితే చాలు.

అండీ, ఈ మాట దయచేసి ఆఫీసులో అనకండి. మీకు అక్కర్లేకపోవచ్చు. మీ తర్వాత ఫోన్ చేసే ఇంట్లో అక్కరుంటుంది. మీరు వద్దన్నారని తెలిసిన ఆఫీసు, కావాలన్న పిల్లను పక్కన పెడుతుంది. పైగా డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషికి పని నేర్పకపోతే ఆఫీసుకే నష్టం, అందుకని నేర్పుతారు. ఊరికే వచ్చిన మనిషిని ఒక మూల కూర్చోబెట్టినా వాళ్లకు పోయేదేమీ లేదు. ఇచ్చింది తీసుకోమనండి, అమ్మాయి పేరు మీద అకౌంట్ ఉంటే నేరుగా అందులోనే వేయమనండి.